పుస్తకం అచ్చుకు పోయే ముందు మన వర్డ్ ఫైల్ ఎట్ల ఉండాలె

రాసుడు అయిపోయింది, 120 పేజీలు వచ్చింది, పుస్తకం వేయాలంటే ఎంతైతది అని అడిగేటోళ్లు మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్ల మస్తుమంది ఉన్నరు. రేటు సంగతి చెప్పాలంటే ముందుగాల తెలవాల్సింది ఆ 120 పేజీలు ఏ సైజు కాగితం మీదివి అన్నది. వర్డ్ తెరవంగనే వచ్చేది ఏ4 పేజీ, మనం దాంట్లనే టైపు చేసుకుంట పోతం, కాని మన దగ్గర కథలు, కవితలు, నవలలు ఎక్కువగ అచ్చయ్యేది 1/8 డెమ్మీల, అంటే 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడుగు, అందుల మార్జిన్లు పోంగ అక్షరాలకు మిగిలే జాగ ఏ4 దాంట్ల సగం కూడ ఉండదు. గందుకే 120 అనుకున్నది 240 దాకా పోతది. ఇంకోటి, ప్రెస్సోళ్లు పేజీల లెక్కన కాదు ఫారాల లెక్కన చూస్తరు, డెమ్మీల ఒక ఫారం అంటే 16 పేజీలు, 240 అయితే సరిగ్గ 15 ఫారాలు, అదే 242 అయిందనుకో ఇంకో అర ఫారం పడతది, అంటే 248 పేజీల కాగితానికి పైసలు కట్టి 6 పేజీలు ఖాళీగ వదిలేయాలె. అట్లాంటప్పుడు మార్జిన్ కొంచెం సవరించి రెండు పేజీలు లోపలికి తెస్తే అర ఫారం ఖర్చు మిగులుతది. ఈ లెక్క ప్రెస్సుకు పోకముందే ఇంట్ల కూసొని తేల్చుకోవచ్చు, లేఅవుట్ మెనూల సైజు అన్న దగ్గర ఆఖరుకు పోతే కొలతలు మనమే ఇచ్చుకునే జాగ ఉంటది.

మన జిల్లాలకు అచ్చు కొత్త కాదు. 1922లనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపిండు, 1926ల గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరాయన. ఇప్పుడు కూడ ఊరికో కవి ఉన్నడు, రిటైరైన సార్లు ఊరి చరిత్ర రాస్తున్నరు, సొంత పైసలు పెట్టుకొని 500 కాపీలు వేస్తున్నరు. మరి ఇంత కష్టపడి వేసిన పుస్తకాలల్ల చాలావాటి అసలు ఫైలు రాసినాయన దగ్గర ఉండదు. చేతిరాత కాగితాలు డీటీపీ షాపుల ఇస్తడు, వాళ్లు అను ఫాంట్ల, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద కొడతరు, ప్రూఫులు దిద్దుతరు, ప్రెస్సుకు పోతది, పుస్తకాలు ఇంటికొస్తయి, ఫైలు మాత్రం షాపు కంప్యూటర్లనే ఉండిపోతది. పదేండ్ల తర్వాత రెండో ముద్రణ వేద్దామంటే ఆ షాపు ఉండదు, ఉన్నా ఆ హార్డ్ డిస్క్ ఉండదు, అదీ ఉన్నదే అనుకో, పేజ్‌మేకర్ ఆఖరు వెర్షన్ 7.0 వచ్చిందే 2001ల, కొత్త కంప్యూటర్లల్ల దాన్ని నడిపించుడే ఒక పని. ఇగ మళ్లీ మొదటి నుంచి టైపు చేయించుడే. నేను ఇంతసేపు చెప్పేది దీని కోసమే: పుస్తకం ఎవరితోనన్న వేయించుకోండి, అక్షరాలున్న ఫైలు మాత్రం యూనికోడ్‌ల, మన దగ్గర, మనం తెరిచి దిద్దుకునేటట్టు ఉండాలె.

అను ఫాంటుకు, యూనికోడ్‌కు తేడా ఏంది అని చాలామంది అడుగుతరు. అను లాంటి పాత ఫాంట్లల్ల కంప్యూటర్ దృష్టిల అది తెలుగు కానే కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే ఉంటయి, వాటికి తెలుగు బొమ్మ తొడిగిన్రు అంతే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్ల తెరిస్తే పిచ్చి గీతలు కనపడతయి, వెతికితే మాట దొరకదు, ఫోన్ల చదువుదామంటే రాదు. యూనికోడ్‌ల ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉన్నది, 1991ల వచ్చిన మొదటి వెర్షన్ల నుంచే తెలుగు అందుల ఉన్నది, ఫాంట్ మార్చినా అక్షరం మారదు. పాత అను ఫైళ్లను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నయి, కాని మార్చినంక వత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు ఉంటయి, మళ్లొకసారి మొత్తం చదవకుండ దాన్ని నమ్మొద్దు.

ఇప్పుడు ఎక్కువమంది ఫోన్లనే రాస్తున్నరు, మంచిదే, అది యూనికోడే. కాని ఇక్కడ మన యాసల రాసేటోళ్లకు ఒక గండం ఉన్నది. కీబోర్డు కింద చూపించే మాటలు పుస్తకాల భాషల ఉంటయి, మనం పోతున్నడు అని కొట్టబోతే పోతున్నాడు అని ముందుకు తోస్తది, అలవాటుల దాన్నే ఒత్తుతం. మాట్లాడి టైపు చేయించినా అంతే, ముసలమ్మ మాట్లాడిన మాటను అది దిద్ది పెడతది. కథ మొత్తం అయినంక చూస్తే ఒక పేజీల వచ్చిండు, ఇంకో పేజీల వచ్చాడు, అదే మనిషి అదే సంభాషణల రెండు తీర్ల మాట్లాడుతుంటడు. అందుకే యాసల రాసేటోళ్లు ఒక చిన్న మాటల పట్టీ పెట్టుకోవాలె, వచ్చిండా అచ్చిండా, ఎట్లనా ఎట్లా, గిదా ఇదా అని ఏ పాత్రకు ఏది అన్నది ముందే తేల్చుకొని, ఆఖర్ల ఒక్కొక్క మాటను ఫైండ్‌ల పెట్టి వెతుక్కుంట పోవాలె. ఆటో కరెక్ట్ బంద్ పెట్టండి. రీప్లేస్ ఆల్ మాత్రం నొక్కొద్దు, ఒక్కొక్కటి చూసి మార్చండి, ఎందుకంటే తెలుగుల మాటలు అతుక్కొని ఉంటయి, ఒకదాన్ని మారిస్తే ఇంకో మాట నడుమ పోయి కూసుంటది. ఇది విసుగు పని, నిజమే, కాని మన యాస అచ్చుల సక్కగ నిలబడాలంటే ఈ విసుగు పడాల్సిందే.

ఫోన్ల నుంచి, వాట్సాప్ నుంచి, ఫేస్‌బుక్ పోస్టుల నుంచి తెచ్చి వర్డ్‌ల అతికించేటప్పుడు మామూలుగ పేస్ట్ చేయొద్దు, కీప్ టెక్స్ట్ ఓన్లీ అన్న దాంతోని చేయాలె, లేకుంటే అక్కడి రంగులు, సైజులు, లింకులు అన్నీ ఎంబడి వస్తయి. తర్వాత హోమ్ మెనూల పారాగ్రాఫ్ గుర్తు బటన్ నొక్కితే కనపడకుండ దాక్కున్నవన్నీ బయటికొస్తయి, ఎక్కడెక్కడ ఎంటర్ కొట్టినమో, ఎక్కడ రెండు మూడు స్పేసులు పడ్డయో తెలుస్తది. కొత్త అధ్యాయం కొత్త పేజీల రావాలని పది ఎంటర్లు కొడతరు చూడు, అది పేజీ సైజు మార్చంగనే మొత్తం చెదిరిపోతది. ఫుల్‌స్టాప్‌కు ముందు స్పేస్ పెట్టే అలవాటు కూడ మనోళ్లకు బాగ ఉన్నది, దాంతోని చుక్క ఒక్కటే పోయి కింది లైను మొదట్ల పడతది. ఇంకొకటి, విసర్గ కొట్టుడు తెల్వక కోలన్ పెడతరు, దు:ఖం అని, అది కంటికి విసర్గ లెక్కనే కనపడతది కాని కంప్యూటర్‌కు మాట అక్కడ తెగిపోయినట్టు, వెతికితే దొరకదు. దుఃఖం, అంతఃపురం, పునఃప్రారంభం లాంటివి ఒకసారి వెతికి సరిచేసుకోండి.

ఇగ అసలు పని స్టైల్స్. అధ్యాయం పేరు రాసి, దాన్ని సెలెక్ట్ చేసి, 18 సైజు పెట్టి, బోల్డ్ చేసి, నడుమకు తెచ్చి, అట్ల ఇరవై అధ్యాయాలకు ఇరవైసార్లు చేస్తే కంటికి బాగనే ఉంటది, కాని వర్డ్‌కు అది అధ్యాయం పేరు అని తెల్వదు, ఏదో పెద్దక్షరాల లైను అనుకుంటది. అట్ల కాకుండ హెడింగ్ 1 అన్న స్టైల్ పెడితే అది ఏందో చెప్పినట్టు. మన గొల్ల కురుమలు మందల గొర్రెకు రంగు గుర్తు వేస్తరు, ఆ గుర్తు ఉన్నంక ఎన్ని మందలు కలిసినా ఎవరిదేదో తెలుస్తది, స్టైల్ కూడ గసుంటిదే. హెడింగ్ 1 రూపం ఒక్కచోట మారిస్తే ఇరవై అధ్యాయాల పేర్లు ఒకేసారి మారుతయి, దాంట్లనే పేజ్ బ్రేక్ బిఫోర్ అని టిక్ పెడితే ప్రతి అధ్యాయం దానంతటదే కొత్త పేజీల మొదలైతది, విషయసూచిక కూడ వర్డే తయారు చేస్తది. మన పుస్తకాలల్ల విషయసూచికల 47 అని ఉండి కథ 51ల దొరికేది చేతితోని నంబర్లు కొట్టుడు వల్లనే. మామూలు పేరాలకు ఒక స్టైల్, సామెతలకో పాటలకో ఒక స్టైల్, కవితకు ఒక స్టైల్, ఒక పుస్తకానికి నాలుగైదు చాలు.

కవితల గురించి విడిగ చెప్పాలె, ఎందుకంటే మన దగ్గర కవిత్వమే ఎక్కువ అచ్చయితది. పాదం అయినప్పుడల్లా ఎంటర్ కొడితే వర్డ్ ఒక్కో పాదాన్ని ఒక్కో పేరా అనుకుంటది, నడుమ ఖాళీలు వస్తయి, పేజీ చివర్ల ఒక్క పాదం తెగి పక్క పేజీకి పోతది. పాదానికి షిఫ్ట్ పట్టుకొని ఎంటర్ కొట్టండి, చరణం అయినంక మామూలు ఎంటర్. కవిత స్టైల్‌ల చరణం తర్వాత ఎంత జాగ ఉండాలెనో ఒకసారి ఇచ్చి, కీప్ లైన్స్ టుగెదర్ అని పెడితే చరణం రెండు పేజీల నడుమ తెగదు. కవితకు ఎన్నడూ జస్టిఫై పెట్టొద్దు, షిఫ్ట్ ఎంటర్ కొట్టిన పాదాలను అది అటు అంచుకు ఇటు అంచుకు గుంజి పెడతది.

తెలుగుకు ప్రత్యేకంగ వచ్చే ఒక చిక్కు ఉన్నది, దీన్ని విప్పి చెప్పేటోళ్లు తక్కువ. వర్డ్ దృష్టిల తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్, ఇంగ్లిష్ లాటిన్ స్క్రిప్ట్, రెండింటికి ఫాంటు, సైజు, బోల్డ్ వేరువేరుగ రాసి పెట్టుకుంటది. స్టైల్ మార్చుకుంట 12 సైజు పెట్టినంక కూడ తెలుగు కదలలేదు అంటే మీరు మార్చింది లాటిన్ సైజు అన్నట్టు. కంట్రోల్ డి నొక్కితే వచ్చే పెట్టెల కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఒక భాగం ఉంటది, తెలుగు ఫాంటు, తెలుగు సైజు అక్కడ ఇవ్వాలె, స్టైల్ మార్చే దగ్గర కూడ ఫార్మాట్, ఫాంట్ అని పోయి అక్కడే ఇవ్వాలె. ఆ భాగం కనపడకుంటే ఫైల్ మెనూల ఆప్షన్స్, లాంగ్వేజ్ అన్న దగ్గర తెలుగును కలపాలె. లిబ్రెఆఫీస్ రైటర్ వాడేటోళ్లు, అది ఫ్రీగ దొరుకుతది, టూల్స్, ఆప్షన్స్‌ల భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టుకోవాలె. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం కిరికిరి తక్కువైతది.

ఫాంట్ల విషయానికొస్తే కంప్యూటర్ తోని వచ్చే గౌతమి, నిర్మలా యూఐ తెర మీద చదువుకోనీకి చేసినవి, పుస్తకానికి నాకైతే అవి నచ్చవు. మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు ఒక్కో పేజీ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ముసలోళ్లకు ఇచ్చి చదివించండి, ఏది కంటికి అలుపు లేకుండ పోతదో అది పెట్టుకోండి. రామభద్ర లాంటి లావు ఫాంటు పేర్లకు, అట్టకు పనికొస్తది, లోపల పేరాలకు వద్దు. ఇవన్నీ ఓపెన్ లైసెన్సు మీద ఫ్రీగ దొరుకుతయి, అచ్చు పుస్తకంల వాడుకోవచ్చు. తెలుగు అక్షరాన్ని ఇటాలిక్ చేసి వంచొద్దు, మన అక్షరాలకు ఆ రూపం లేదు, కంప్యూటర్ బలవంతంగ పక్కకు వంచుతది అంతే.

లైన్ల నడుమ జాగ ఇంగ్లిష్ పుస్తకం చూసి పెడితే మనకు సరిపోదు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. లైన్ స్పేసింగ్‌ల ఎగ్జాక్ట్లీ అని పెట్టి నంబరు తక్కువ ఇస్తే స్త్రీ, రాష్ట్రం లాంటి మాటల కింది వత్తులు కోసుకపోతయి. మల్టిపుల్ అని పెట్టి ఫాంటును బట్టి 1కి అటు ఇటు మార్చి చూడండి, ఎందుకంటే కొన్ని తెలుగు ఫాంట్లు లోపలనే చాలా ఖాళీ పెట్టుకొని వస్తయి, వాటికి 0.8 పెట్టినా సరిపోతది, ఇంకోదానికి 1.2 కావాలె. ఏది పెట్టినా ప్రింట్ తీసి చూసినంకనే ఖాయం చేయాలె.

మన జిల్లా పేరే తీసుకోండి, మహబూబ్‌నగర్. దాన్ని మామూలుగ కొట్టుకుంట పోతే మహబూబ్నగర్ అయి కూసుంటది, బ కింద న వత్తు పడతది. రెంటిని విడదీయనీకి నడుమ కనపడని ఒక గుర్తు పెట్టాలె, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు దాన్ని. వర్డ్‌ల 200సి అని ఇంగ్లిష్‌ల కొట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కితే వస్తది. ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్, హెడ్‌మాస్టర్ అన్నిటికి ఇదే సంగతి. పుస్తకంల సగం చోట్ల గుర్తు ఉండి సగం చోట్ల లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతయి, కాబట్టి ఒక్కో మాటకు ఒకే రూపం ఖాయం చేయండి.

పేజీ నంబర్ల దగ్గర చాలామంది ఆగిపోతరు. మన పుస్తకాలకు ముందు పేజీలు ఎక్కువ, టైటిల్, ముద్రణ వివరాలు, అంకితం, రెండు మూడు ముందుమాటలు, నా మాట, విషయసూచిక, తర్వాత గాని అసలు పుస్తకం రాదు. ముందుమాట రాసే పెద్దమనుషులకు సవాలక్ష పనులుంటయి, ఫైలు ప్రెస్సుకు పోయే రోజు కూడ ఒకటి రావాల్సి ఉంటది, వచ్చినంక అది రెండు పేజీలా ఆరు పేజీలా తెల్వదు. అన్నిటికీ కలిపి ఒకటే నంబరు వేస్తే అది రాంగనే పుస్తకం మొత్తం నంబర్లు కదులుతయి. అందుకే లేఅవుట్, బ్రేక్స్ అన్న దగ్గర ఆడ్ పేజ్ సెక్షన్ బ్రేక్ పెట్టి ముందు పేజీలను, అసలు పుస్తకాన్ని రెండు సెక్షన్లు చేయాలె, ముందు పేజీలకు రోమన్ అంకెలు, అసలు పుస్తకం కుడి పేజీల 1 నుంచి షురూ. రెండో సెక్షన్ ఫుటర్‌ల, అంటే పేజీ కింద నంబరు ఉండే జాగల, లింక్ టు ప్రీవియస్ అన్నది తీసేయకపోతే మీరు ఇక్కడ మార్చింది అక్కడ కూడ మారుతది, అందరూ తన్లాడేది ఈ బటన్ దగ్గరే. ఇట్ల చేసినంక ముందుమాట ఎప్పుడొచ్చినా ఫికర్ లేదు, ఫారాల లెక్క ఒక్కటి మళ్లా చూసుకుంటే చాలు.

మార్జిన్లల్ల మిర్రర్ మార్జిన్స్ పెట్టుకోండి, బైండింగ్ దిక్కు ఎక్కువ, బయటి దిక్కు తక్కువ. 240 పేజీల పుస్తకం గమ్ బైండింగ్ అయితే లోపలి దిక్కు 0.8 అంగుళం ఉంచాలె అంట నేను, లేకుంటే లైను చివరి అక్షరాలు మడతల పోయి చదివేటోళ్లు పుస్తకాన్ని ఇరిచినట్టు పట్టుకోవాలె, రెండు నెలలల్ల పేజీలు ఊడొస్తయి.

పేరాలకు జస్టిఫై పెడితే రెండు దిక్కులా అంచు సమానంగ వస్తది కాని తెలుగు మాటలు పొడుగు, వర్డ్‌కు తెలుగు మాటను ఎక్కడ విరవాలెనో తెల్వదు, మొత్తం మాటను కిందికి తోసి పై లైన్ల పెద్ద పెద్ద సందులు పెడతది. లిబ్రెఆఫీస్‌కు తెలుగు హైఫనేషన్ ఉన్నది. వర్డ్‌ల అయితే మరీ ఘోరంగ ఉన్న లైన్ల దగ్గర అక్షరాల నడుమ కంట్రోల్ పట్టుకొని హైఫన్ కొట్టండి, అవసరమైతేనే అక్కడ మాట విరుగుతది, లేకుంటే కనపడదు. ఈ పని అన్ని దిద్దుబాట్లు అయినంక ఆఖర్ల చేయాలె.

ప్రెస్సుకు వర్డ్ ఫైలు ఇయ్యొద్దు, పీడీఎఫ్ ఇయ్యండి. వర్డ్ ఫైలు వాళ్ల కంప్యూటర్ల తెరిస్తే మీ ఫాంట్ అక్కడ లేకపోతే వేరేది వచ్చి కూసుంటది, 240 పేజీలు 260 అయితయి. సేవ్ యాజ్‌ల పీడీఎఫ్ చేసినంక రీడర్‌ల తెరిచి ప్రాపర్టీస్, ఫాంట్స్ అన్న దగ్గర ప్రతి ఫాంటు పక్కన ఎంబెడెడ్, అంటే ఫాంటు ఫైల్లనే కలిసి ఉన్నది అని ఉన్నదా చూడండి, పేజీ సైజు 5.5, 8.5 చూపిస్తున్నదా చూడండి. ఫొటోలు ఉంటే ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌ల డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ అని ముందే టిక్ పెట్టాలె, వాట్సాప్‌ల వచ్చిన ఫొటో అచ్చుకు పనికిరాదు, 300 డీపీఐ ఉన్న అసలు ఫొటో అడిగి తెప్పించుకోండి. 500 కాపీలు వేసే ముందు డిజిటల్ ప్రింట్‌ల ఒక్క కాపీ తీయించి, తెర మీద కాకుండ కాగితం మీద, పెన్ను పట్టుకొని మొత్తం చదవాలె, అదీ మీరు కాకుండ ఇంకొకరు చదివితే మంచిది, రాసిన మనిషికి తన తప్పు కనపడదు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, దాని కోసం పైసలు అడిగేటోళ్లుంటరు, ఇయ్యకండి. మన దేశంల దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆన్‌లైన్‌ల ఫ్రీగ ఇస్తది, సొంతంగ వేసుకునే రచయిత కూడ అప్లై చేయవచ్చు. నంబరు రానీకి దినాలు పడతయి కాబట్టి ఫైలు తయారైతుండంగనే అప్లై చేయాలె. సొంతంగ వేస్తే చట్టం లెక్కల ప్రచురణకర్త మీరే, 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజులల్ల కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, ఇంకా చెన్నై, ముంబై, ఢిల్లీల ఉన్న మూడు లైబ్రరీలకు ఒక్కో కాపీ పంపాలె. మన దగ్గర శానామందికి ఈ ముచ్చటే తెల్వదు, పంపితే మీ ఊరి చరిత్ర దేశం లెక్కలల్ల ఎక్కుతది, 500 కాపీలు పంచుడు అయిపోయినంక కూడ అక్కడ ఒకటి దొరుకుతది.

ఈబుక్ చేయాలంటే స్టైల్స్ పెట్టిన అదే ఫైలు పనికొస్తది, లిబ్రెఆఫీస్‌ల తెరిచి ఎక్స్‌పోర్ట్ యాజ్‌ల ఈపబ్ అని కొడితే హెడింగులను బట్టి అధ్యాయాలు అదే విడదీసుకుంటది. ఈబుక్‌ల పేజీ సైజు, పేజీ నంబరు ఉండవు, చదివేటాయన అక్షరం పెద్దగ చేసుకుంటే పేజీలు పెరుగుతయి, కాబట్టి విరిచే హైఫన్లు, చేతితోని సవరించినవి తీసేసిన కాపీ వేరే పెట్టుకోండి. అమెజాన్ వాళ్ల ఈబుక్ దుకాణం కిండిల్ 2018 చివర్ల హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషలకు సొంత ప్రచురణ తెరిచింది, ఆ ఐదిట్ల తెలుగు లేదు, అందుకని ఎక్కడ పెట్టాలన్నా ముందు ఆ సైటు భాషల పట్టీల తెలుగు ఉన్నదా చూసుకొని తర్వాతనే పనిల దిగండి.

పుస్తకం బయటికొచ్చినంక చదివినోళ్లు ఫోన్ చేసి ఫలానా పేజీల తప్పు ఉన్నది అని చెప్తరు, ఊరి పేరు తప్పు పడ్డది, మా తాత పేరు అట్ల కాదు అని. అవి ఎప్పటికప్పుడు ఆ వర్డ్ ఫైల్లనే దిద్ది, తారీఖు వేసి సేవ్ చేసి, ఫాంట్లతో సహా ఒక కాపీ మెయిల్‌ల, ఒకటి పెన్‌డ్రైవ్‌ల, ఒకటి పిల్లల దగ్గర పెట్టండి.